ముందు వెల్లుల్లి వేస్తే కూర చేదెక్కుతోంది: వెల్లుల్లి ముందా, ఉల్లిపాయ ముందా?

రాయగడ కోడలు · సోమవారం, ఉదయం 10:15

అందరికీ నమస్తే. నా పుట్టిల్లు పార్వతీపురం, పెళ్లయి రాయగడ వచ్చి ఎనిమిది నెలలైంది. అత్తగారిది తెలుగిల్లే, కాకపోతే మూడు తరాల నుంచీ ఇక్కడే ఉండిపోయారు, ఇంట్లో మాట సగం తెలుగు సగం ఒడియా, వంట కూడా అంతే. నా బాధ చిన్నదే అనిపించొచ్చు గానీ రోజూ రెండు పూటలా ఎదురవుతోంది. మా అమ్మ పోపు పెట్టే వరస నా చేతికి పట్టేసింది. నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెంటనే చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, అవి ఎర్రబడ్డాక కరివేపాకు, ఆఖర్న ఉల్లిపాయ ముక్కలు. పెళ్లయ్యేదాకా అదే తిన్నాను, ఒక్కరోజూ చేదు రాలేదు. ఇక్కడ అదే వరసలో చేస్తే వెల్లుల్లి మూకుట్లో పడీ పడగానే నల్లబడిపోతోంది, ఉల్లిపాయ వేసి కలిపేలోపే మాడు వాసన. నిన్న ఆదివారం వంకాయ కూర కిలో పైన చేశాను, ఇంటికి చుట్టాలొచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు గానీ గిన్నెలో కూర అలాగే మిగిలిపోయింది. రాత్రి నేనొక్కదాన్నే తిని చూస్తే చేదు. చాలా ఏడుపొచ్చింది.

అత్తయ్య ఉల్లిపాయే ముందు వేయాలంటున్నారు. ఫోన్లో చూసిన వీడియోలో ఆవిడ మాత్రం వెల్లుల్లి ముందు వేస్తేనే నూనెకి వాసన పడుతుందని గట్టిగా చెప్పింది. ఏది సరైనది? కారణం కూడా చెప్పండి, ఊరికే ఇది ముందు అది తర్వాత అంటే నాకు గుర్తుండదు.

పర్లాకిమిడి కుర్రాడు · సోమవారం, 10:32

ఉల్లిపాయే ముందు అక్కా. రూంలో నలుగురం ఉంటాం, వంట నాదే, వెల్లుల్లి ముందు వేసిన ప్రతిసారీ మాడింది. కారణం నాకూ తెలీదు.

ధర్మాబాద్ మిర్చి · సోమవారం, 11:05

అన్ని కూరలకీ ఒకటే వరస అనుకోవద్దు చెల్లీ. మాది నాందేడ్ జిల్లా, చుట్టూ మరాఠీ ఇళ్లు, మా ఇంట్లో తెలుగు. ఇక్కడ మెంతికూర వండితే ముందు నూనెలో ఎల్లిగడ్డే పడుతుంది, అది బంగారు రంగుకి వచ్చాక మిర్చి, ఆ తర్వాత ఆకు. ఉల్లిగడ్డ వేస్తే వేస్తారు, లేకపోతే లేదు. ఆ కూరకి రుచంతా ఎల్లిగడ్డదే. దాన్ని ఉల్లిగడ్డ తర్వాత వేస్తే ఆ వాసన ఎక్కడికో పోతుంది. మీ అమ్మగారి పద్ధతి తప్పని మాత్రం నేను ఒప్పుకోను. అన్నేళ్లు చేదు రాలేదంటే అందులో ఏదో సరిగ్గా ఉండబట్టే కదా. ఇక్కడికొచ్చాక ఏం మారిందో వెతుక్కో.

సిరొంచ ఒడ్డు · సోమవారం, మధ్యాహ్నం 2:40

పదకొండేళ్లుగా మెస్ నడుపుతున్న. సిరొంచ అంటే గడ్చిరోలిలో చిట్టచివర, ప్రాణహిత దాటితే తెలంగాణ. మా దగ్గర తినేటోళ్లల్ల తెలుగోళ్లు, మరాఠీ వాళ్లు, గోండు పిలగాండ్లు అందరూ ఉంటరు కాబట్టి ఎవరి నాలుక ఏం అడుగుతదో నాకు తెలుసు.

పెద్ద గిన్నెలో అయితే నేను ఎప్పుడూ ఉల్లిగడ్డనే ముందు వేస్త, ఇందులో రెండో మాట లేదు. పది కిలోల ఉల్లిగడ్డ కోసి నూనెలో వేసినంక మొదటి పావుగంట అది వేగదు, ఉడుకుతది. గిన్నెల నీళ్లు కనబడతయి. ఆ నీళ్లు ఇంకి, ముక్క మెత్తబడి, అంచులు ఎర్రబడ్డంకనే అల్లం ఎల్లిగడ్డ ముద్ద. ముద్ద వేసినంక మంట తగ్గించి అడుగు గీకుతనే ఉండాలె, ఎందుకంటే అది అడుగు పడుతది, అడుగు పట్టిందంటే చేదు. పడుతున్నట్టు అనిపిస్తే గుప్పెడు నీళ్లు చల్లుడే. పచ్చివాసన పోయి నూనె పక్కలకు వచ్చేదాక. మా దగ్గర వంట చేసే మరాఠీ అవ్వ దీన్నే తేల్ సుటలం పాహిజే అంటది, నూనె విడిచిపెట్టాలె అని. ఆ నూనె కనబడకముందే కారం, పసుపు వేసి నీళ్లు పోస్తే ఆ కూరకు ఎంత మసాలా పోసినా పచ్చిగనే ఉంటది.

ముందు ముద్ద వేసి ఉల్లిగడ్డ తర్వాత వేసేటోళ్లను చూసిన. ముద్ద చిట్లి చేతుల మీద పడుతది, అడుగున నల్ల పొర కడుతది, ఆ పొర ఉల్లిగడ్డ నీళ్లకు కరిగి కూరంతా కలుస్తది. ఇగ ఆ గిన్నెను ఎవ్వరూ బాగు చేయలేరు. చక్కెర వేసినా పోదు, టమాట వేసినా పోదు, పారబోసుడే. ధర్మాబాద్ అన్న చెప్పిన ఆకుకూర సంగతి వేరు, అక్కడ ఎల్లిగడ్డ ముద్ద కాదు, ముక్క.

గుణుపురం మాస్టారు · సోమవారం, సాయంత్రం 6:20

అమ్మాయి కారణం అడిగింది కాబట్టి రాస్తున్నాను. స్కూల్లో రసాయన శాస్త్రం చెబుతాను. ఈ పాఠానికి వంటిల్లే మంచి చోటని నాకు నమ్మకం, అందుకే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఉల్లిపాయలో నూటికి 89 పాళ్లు నీళ్లే. వెల్లుల్లిలో నీళ్లు 60 పాళ్ల లోపే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం చక్కెరలు గొలుసుకట్టిన పిండిపదార్థం. నీళ్లు ఉన్నంతసేపూ ఏ ముక్కా 100 డిగ్రీలు దాటి పెద్దగా వేడెక్కదు, ఎందుకంటే వచ్చిన వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. నీళ్లు అయిపోయాక మాత్రం ముక్క నూనె వేడిని అందుకుంటుంది. 140 డిగ్రీలు దాటితే రంగు మారడం జోరందుకుంటుంది, చక్కెరలూ మాంసకృత్తుల ముక్కలూ కలిసి ఆ ఎరుపూ ఆ కమ్మటి వాసనా తయారుచేస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయార్ 1912లో దీన్ని వివరించాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. అక్కడ ఆగకుండా ఇంకా వేడి పెడితే బొగ్గు, చేదు.

ఇప్పుడు చూడు. గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు వేస్తే వాటి నీళ్లతో మూకుడు వేడే పడిపోతుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేస్తే మూకుడికి ఏమీ తెలియదు, వేడి అలాగే ఉంటుంది, ఆ కాస్త నీరూ క్షణాల్లో ఎగిరిపోతుంది. ఉల్లిపాయ తనను తాను కాపాడుకోగలదు, వెల్లుల్లికి ఆ శక్తి లేదు. ఉల్లిపాయల మధ్యలో వేస్తే వాటి తడి వెల్లుల్లిని కూడా కాపాడుతుంది. ఉల్లి ముందు అనే మాటకి అసలు ఆధారం ఇదే.

ఇంకొక్కటి. వెల్లుల్లికి ఘాటు చితక్కొడితేనే వస్తుంది. రెబ్బ లోపల అల్లీన్ అనే పదార్థం ఒక అరలో, దాన్ని మార్చే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి, చితికినప్పుడు అవి రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకని దంచి పది నిమిషాలు పక్కన పెట్టి అప్పుడు పొయ్యి మీద వేస్తే రుచి ఎక్కువ నిలుస్తుంది. రెబ్బలు అలాగే నూనెలో వేస్తే ఘాటు ఉండదు, తియ్యగా మెత్తగా అవుతాయి. రెండూ మంచివే, ఏది కావాలో మనం చూసుకోవాలి.

బరంపురం పిన్ని · సోమవారం, రాత్రి 8:55

మాస్టారు బాగా చెప్పారు. కానీ అమ్మాయ్, నిన్ను ఒక్కటి అడగాలి. మీ అమ్మ ఏ నూనెలో చేస్తుంది, నువ్విప్పుడు ఏ నూనెలో చేస్తున్నావు? ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఎవరూ ఈ సంగతి అడగలేదు.

రాయగడ కోడలు · సోమవారం, 9:10

అమ్మ వేరుశనగ నూనె పిన్నీ. ఇక్కడ ఆవనూనె. అత్తయ్య వాళ్లకి సొరిస తెల లేనిదే కూరే కాదు. నాకు మొదట్లో ఆ వాసనే పడేది కాదు, ఇప్పుడు అలవాటైంది.

బరంపురం పిన్ని · సోమవారం, 9:40

అదే నేననుకున్నాను. నీ చేతి తప్పు కాదమ్మా, మీ అమ్మ వరస తప్పూ కాదు. నూనె మారింది.

నేను బరంపురం వచ్చి ముప్పై ఆరేళ్లైంది, మాది టెక్కలి వైపు. నాకూ మొదటి ఏడాది ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను. వేరుశనగ నూనె మనం పొగ రానివ్వం. ఒక ఆవగింజ వేసి చిటపటమంటే చాలు, పోపు మొదలుపెట్టేస్తాం. ఆవనూనె అలా కాదు, పచ్చిగా ఘాటు, ముక్కుకెక్కుతుంది, అందుకని ఇక్కడివాళ్లు దాన్ని పొగ లేచేదాకా కాచి, రంగు కాస్త పలచబడ్డాక అప్పుడు వాడతారు. మా అత్తగారు నాకు నేర్పింది కూడా అదే. ఆ పొగ వచ్చే సమయానికి ఆ నూనె ఎంత వేడెక్కుతుందో మాస్టారు చెప్పాలి, నాకు తెలిసింది మాత్రం ఆ వేడిలో వెల్లుల్లి వేస్తే పది లెక్కపెట్టే లోపు నల్లగా అవుతుంది. నువ్వు పొగ చూడగానే మీ అమ్మ వరసలో ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసేస్తున్నావు కదూ? ఎండుమిర్చి కూడా నల్లబడుతూ ఉండాలే, గమనించావా?

రాయగడ కోడలు · సోమవారం, 9:52

అవును పిన్నీ, ఎండుమిర్చి కూడా నల్లబడుతోంది! అది మిర్చి బాగోలేదనుకున్నాను, రెండుసార్లు షాపు కూడా మార్చాను. పొగ రాగానే వేసేస్తున్నాను, ఎందుకంటే అత్తయ్య కూడా పొగ వచ్చాకే మొదలుపెడతారు. కానీ ఆవిడ ముందు వేసేది ఉల్లిపాయ. ఇప్పుడర్థమవుతోంది.

గుణుపురం మాస్టారు · సోమవారం, 10:20

పిన్నిగారు అసలు ముడి పట్టుకున్నారు. ఆవనూనె పొగ లేచేది సుమారు 250 డిగ్రీల దగ్గర. నేను పైన 140 అన్నానే, దానికి చాలా పైన. ఆ ఘాటు అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే పదార్థానిది, అది త్వరగా ఆవిరయ్యేది కాబట్టి కాచినప్పుడు చాలావరకు పోతుంది. అందుకే కాచడం. కాచిన తర్వాత అదే వేడిలో వండాలని మాత్రం ఎక్కడా లేదు, చల్లారనిచ్చి వాడుకోవచ్చు, పోయిన ఘాటు తిరిగి రాదు.

ధర్మాబాద్ మిర్చి · మంగళవారం, ఉదయం 7:15

అదుగో, ఏం మారిందో వెతకమన్నాను కదా. మంట ఆర్పేసి రెండు నిమిషాలు ఆగి, సన్న సెగ మీద ఎల్లిగడ్డ ముందు వేసుకో చెల్లీ, మీ అమ్మ చేతి రుచి వస్తుంది.

సిరొంచ ఒడ్డు · మంగళవారం, 9:30

అన్నా, చెప్పుడు సులువు. పొద్దున బాక్సులు కట్టే టైంల మంట ఆర్పి రెండు నిమిషాలు నిలబడేటోళ్లు ఎంతమంది? ఒక్కరోజు ఆగుతరు, రెండో రోజు ఫోన్ మోగుతది, పిల్లగాడు ఏడుస్తడు, మూడో రోజు మళ్లా నలుపే. ఉల్లిగడ్డ ముందు వేస్తే మనిషి మరచిపోయినా కూర ఆగమైపోదు. నేను పని నేర్పే పిలగాండ్లకు అందుకనే ఒకటే చెప్త. రుచి ఒక పిసరు తగ్గుతది కావొచ్చు, కానీ రోజూ ఒక తీరుగ వస్తది.

ధర్మాబాద్ మిర్చి · మంగళవారం, 9:48

మెస్‌లో వందమందికి అది నిజం తమ్ముడూ. ఇంట్లో నలుగురికి వండేటప్పుడు ఆ పిసరు రుచి కోసమే కదా తాపత్రయం. నేను ఒప్పుకోను.

జయపురం సిస్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 1:25

డ్యూటీ మధ్యలో చదివాను, ఆపుకోలేక రాస్తున్నా. తరగడం గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. నూనె సంగతి ఎంత ముఖ్యమో ఇదీ అంతే. మా అమ్మ పొట్టుతోనే రెబ్బని రోటి బండతో ఒక్క దెబ్బ కొట్టి పోపులో వేస్తుంది. పొట్టు ఉండడంతో అది త్వరగా మాడదు, లోపల మెత్తగా ఉడుకుతుంది, రసంలో అదే చప్పరించడానికి మేం పిల్లలం కొట్టుకునేవాళ్లం. అదే రెబ్బని సన్నగా తరిగితే అన్నివైపులా నూనె తగులుతుంది, నిమిషం కూడా ఆగదు. తురిమితే ఇంకా తొందర. కాబట్టి ముందు వేయాలనుకుంటే పెద్దగా, పొట్టుతో. తర్వాత వేయాలనుకుంటే సన్నగా, లేకపోతే ఉల్లిపాయల్లో కలవదు.

ఇంకోటి, కరివేపాకు. రాయగడ అక్క వాళ్లమ్మ వెల్లుల్లి తర్వాత కరివేపాకు వేస్తారన్నారు కదా, నేను మార్చి ముందే కరివేపాకు వేస్తాను, కడిగిన తడి ఆకు. చిటపటమని ఎగురుతుంది, దూరంగా నిలబడాలి, కానీ ఆ తడికి నూనె వేడి ఒక్కసారి దిగుతుంది. ఆ వెంటనే వెల్లుల్లి. రెండు నిమిషాలు ఆగలేని రోజున ఇది పనికొస్తుంది, సిరొంచ అన్నయ్య కూడా చేసి చూడొచ్చు. ఆవనూనె పొగ మీద ఉన్నప్పుడు మాత్రం తడి ఆకు వెయ్యకండి, చాలా ప్రమాదం, నూనె మొహం మీదికి చిందుతుంది. కాలిన చేతులతో వచ్చేవాళ్లని చూస్తుంటాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పర్లాకిమిడి కుర్రాడు · మంగళవారం, సాయంత్రం 5:50

నాదో డౌటు. మా అమ్మ వచ్చినప్పుడల్లా వెల్లుల్లి ఒలిచి సీసాలో వేసి, మునిగేదాకా నూనె పోసి ఇస్తుంది, నెల్లాళ్లు వస్తుందని. ఫ్రిజ్ లేదు, కిటికీలో పెడతాను. అది వాడొచ్చా? ముందు వేయాలా తర్వాత వేయాలా?

గుణుపురం మాస్టారు · మంగళవారం, 6:15

నాయనా, అది ముందూ వద్దు తర్వాతా వద్దు, ఇవాళే పారెయ్యి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లికి గాలి తగలదు. మట్టితో వచ్చిన ఒక రకం సూక్ష్మజీవి గాలి లేనిచోట, బయటి వేడిలో పెరిగి బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టిస్తుంది. వాసన మారదు, రంగు మారదు, చూసి కనిపెట్టలేం. చేసినది ఫ్రిజ్‌లోనే పెట్టాలి, అదీ నాలుగు రోజులకి మించకూడదు. ఊరగాయలో పులుపూ ఉప్పూ ఉంటాయి కాబట్టి ఆ సంగతి వేరు. నీకు ఒలవని వెల్లుల్లి గడ్డలే మంచివి, గాలి తగిలే బుట్టలో వేసుకుంటే వారాలు ఉంటాయి. అమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పు.

పర్లాకిమిడి కుర్రాడు · మంగళవారం, 6:22

పారేశాను మాస్టారూ. అమ్మకి చెప్పాను.

సిరొంచ ఒడ్డు · మంగళవారం, 9:05

ఉల్లిగడ్డ గురించి కూడా ఒక మాట. రెసిపీలల్ల ఐదు నిమిషాలు వేయించండి అని రాస్తరు, ఆ నిమిషాలను నమ్మొద్దు. ఎండాకాలం తీసిన గడ్డ నెలలు నిల్వ ఉంటది, ఎండి గట్టిగ ఉంటది, తొందరగ ఎర్రబడుతది. ఇప్పుడిప్పుడు మార్కెట్లకొచ్చే వానాకాలం గడ్డల నీళ్లు ఎక్కువ, అదే మంట మీద అంతకు రెండింతల సేపు పడుతది. పోయిన వారం ఎట్ల వచ్చిందని ఈ వారం అట్లనే నిమిషాలు లెక్కపెట్టుకుంట కూసుంటే ముద్ద తడిల పడుతది, పచ్చివాసన పోదు. కంటితోని చూడాలె. ఉప్పు ముందే చిటికెడు వేస్తే నీళ్లు తొందరగ బయటికొస్తయి, మెత్తబడుతది.

టమాట మాత్రం ఉల్లిగడ్డ మెత్తబడేదాక వేయద్దు. పులుపు తగిలిందంటే ముక్క బిర్రుగనే ఉండిపోతది, ఎంతసేపు మూత పెట్టినా పంటి కింద తగులుతది. చింతపండు పులుసుకు కూడా ఇదే.

బరంపురం పిన్ని · బుధవారం, ఉదయం 6:30

పప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. కూరలో ఉల్లి, వెల్లుల్లి ఏది ముందన్నది ఒక లెక్క. ఇక్కడి డాలి ఛుంకలో వెల్లుల్లి అన్నింటికంటే ఆఖరు. పప్పు ఉడికి, ఉప్పూ పసుపూ పడి, పొయ్యి దించేశాక చిన్న మూకుట్లో నూనె గానీ నెయ్యి గానీ వేసి, పంచ ఫుటన వేసి, ఎండుమిర్చి, వెల్లుల్లి, అది ఎర్రగా అయ్యిందో లేదో చుయ్యిమని పప్పులోకి. పంచ ఫుటన అంటే జీలకర్ర, ఆవాలు, సోంపు, మెంతులు, నల్లజీలకర్ర. పప్పులో పడగానే నూనె చల్లబడుతుంది కాబట్టి వెల్లుల్లి ఆ రంగు దగ్గరే ఆగిపోతుంది. మాడే భయమే లేదు, కాకపోతే ఆ ఒక్క క్షణం పక్కకి చూడకూడదు.

దీని వెనక ఇంకో కారణం ఉందని నేను చాలా ఏళ్లకి గానీ తెలుసుకోలేదు. రాయగడ అమ్మాయ్, మీ ఇంట్లో ముసలివాళ్లు ఉన్నారా?

రాయగడ కోడలు · బుధవారం, 8:10

ఉన్నారు పిన్నీ, మావారి నాన్నమ్మ. ఎనభై దాటాయి. మామ్మగారు ఉల్లి, వెల్లుల్లి తినరు.

నిన్న సాయంత్రం మూడు రకాలుగా చేసి చూశాను, అది ముందు చెబుతాను. మూడుసార్లూ అదే మూకుడు, అదే ఆవనూనె మూడు చెంచాలు, ఆరు రెబ్బలు, రెండు ఉల్లిపాయలు. మొదటిసారి పొగ మీదే వెల్లుల్లి వేశాను, పిన్ని చెప్పినట్టు పది లెక్కపెట్టాను, ఏడుకే గోధుమ రంగు దాటిపోయింది, నోట్లో వేసుకుంటే నా వంకాయ కూర చేదు అదే. రెండోసారి పొగ మీద ఉల్లిపాయ వేశాను, పొగ ఠక్కున ఆగిపోయింది, ముక్కలు మెత్తబడి అంచులు ఎర్రబడ్డాక దంచిన వెల్లుల్లి. చేదు అసలు లేదు, మసాలా కూరకి ఇదే బాగుంటుందనిపించింది, కాకపోతే వెల్లుల్లి వాసన ఉల్లిపాయ కింద దాక్కున్నట్టుంది. మూడోసారి పొగ వచ్చాక మంట ఆర్పేశాను. ఎంతసేపు ఆగాలో తెలీక ఒక రెబ్బ వేసి చూశాను, చుట్టూ చిన్న బుడగలు నెమ్మదిగా వచ్చేదాకా ఆగితే రెండు నిమిషాల పైనే పట్టింది. అప్పుడు సన్న సెగ పెట్టి పొట్టుతో చితక్కొట్టిన రెబ్బలు, జీలకర్ర, ఆ తర్వాత ఉల్లిపాయ. మా అమ్మ పోపు వాసన! ఆవనూనెలో ఆ వాసన వస్తుందని నేను అనుకోలేదు. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. ఈ నూనెలో ఆవాలు మళ్లీ ఎందుకే అంది, అది కూడా నిజమే.

ఎనిమిది నెలలు నాకు వంట రాదేమోనని భయపడుతూ చేశాను, మీ అందరికీ ఎంత చెప్పినా తక్కువే.

ధర్మాబాద్ మిర్చి · బుధవారం, 8:25

చాలా సంతోషం చెల్లీ. ఆ మూడో పద్ధతిలో పాలకూర చేసి చూడు.

సిరొంచ ఒడ్డు · బుధవారం, 8:31

రెండోది కూడా బాగుందన్నవు కదమ్మా. మటన్ కూరకు దాన్నే పట్టుకో.

బరంపురం పిన్ని · బుధవారం, మధ్యాహ్నం 3:15

అందుకే అడిగాను ముసలివాళ్లు ఉన్నారా అని. మా అత్తగారి రోజుల్లో ఇంట్లో పదకొండు మందిమి. అందులో వెల్లుల్లి ముట్టనివాళ్లు ఇద్దరు, ఉల్లి కూడా ముట్టనివారు ఒకరు. ఒక్క పొయ్యి. వేరే వేరే వండడానికి కట్టెలెక్కడివి, టైమెక్కడిది? అందుకని పప్పు అందరికీ ఒకటే ఉడికేది, పెద్దవాళ్ల వాటా ముందే జీలకర్ర, ఇంగువతో తీసి పక్కన పెట్టేవారు, ఆ తర్వాతే మిగిలినదాంట్లో వెల్లుల్లి ఛుంక. కూరలో కూడా అంతే, ఉల్లిపాయ వేగాక ఉల్లి తినేవాళ్ల వాటా తీసేసి అప్పుడు వెల్లుల్లి. ముందే నూనెలో వెల్లుల్లి పడిపోతే ఇంక ఆ మూకుట్లోది ఆ ఇద్దరూ ముట్టరు. మా అత్తగారు నాకు ఎప్పుడూ ఇది నోరు విప్పి చెప్పలేదు, వెల్లుల్లి ఆఖర్న వెయ్యి అనేది అంతే. ఆవిడ పోయాక, నేను వండి వడ్డించే రోజు వచ్చాక అర్థమైంది.

మీ అత్తగారిని అడిగి చూడు. వాళ్లది కూడా ఇదే కావొచ్చు.

రాయగడ కోడలు · బుధవారం, రాత్రి 9:30

అడిగాను పిన్నీ. అత్తయ్య కాసేపు ఆలోచించి, మరి మామ్మకి తీసి పెట్టాలి కదే, అన్నారు. అంతే! నూనె గురించి కాదు, చేదు గురించి కాదు. నేను ఉల్లిపాయ ముందు వేస్తే మామ్మగారు తినగలుగుతారా అని అడిగితే, లేదు, మామ్మకి ఉల్లి కూడా వద్దు కాబట్టి అంతకంటే ముందే ముక్కలు ఉడికించి తీసేస్తారట, చాలా ఏళ్ల క్రితం ఉల్లి తినే అత్త ఒకావిడ ఉండేవారట, ఆవిడ కోసం పెట్టుకున్న వరస ఇంకా అలా నడుస్తోంది. నేను ఈ ఎనిమిది నెలలూ మామ్మగారి గిన్నె వేరే తీయడం చూస్తూనే ఉన్నాను, దాన్ని ఈ వరసతో ఎప్పుడూ కలిపి చూడలేదు.

జయపురం సిస్టర్ · గురువారం, ఉదయం 5:40

నైట్ డ్యూటీ అయ్యాక చదివాను, కళ్లలో నీళ్లొచ్చాయి అక్కా. మా అమ్మమ్మకి కూడా అలాగే తీసి పెట్టేవాళ్లు.

పర్లాకిమిడి కుర్రాడు · గురువారం, 7:05

రాత్రి పిన్నిగారి ఛుంక చేశాను. చిన్న మూకుడు లేక గరిటెలోనే నూనె కాచాను. పప్పు ఒక్క చుక్క మిగల్లేదు. అక్కా, కార్తీకంలో మీ ఇంట్లో ఏం చేస్తారు? మా పక్కింట్లో అందరూ నెలంతా ఉల్లి, వెల్లుల్లి మానేస్తారు, మా అమ్మ లెక్క వేరేలా ఉంటుంది, ప్రతి ఏడూ ఈ తేడా నాకు అర్థం కాదు.

బరంపురం పిన్ని · గురువారం, 7:40

ఒడియా వాళ్లకి నెల పున్నమితో మొదలవుతుంది బాబూ, మనకి అమావాస్య వెళ్లాక. కుమార పూర్ణిమ మర్నాటి నుంచి వాళ్లకి కార్తీకం, మనకి దీపావళి మర్నాటి నుంచి. పదిహేను రోజుల తేడా. ముగిసేది కూడా అంతే, వాళ్లకి కార్తీక పున్నమికి, మనకి ఆ తర్వాతి అమావాస్యకి. పున్నమితో ముగిసే ఆ ఆఖరి ఐదు రోజులూ వాళ్లకి పంచుక, మిగతా నెలంతా తిన్నవాళ్లు కూడా ఆ ఐదు రోజులు చేపా మాంసం ముట్టరు.

రాయగడ కోడలు · గురువారం, 8:20

మా ఇంట్లో మామ్మగారిది ఒడియా లెక్క తమ్ముడూ, అత్తయ్యది తెలుగు లెక్క. కుమార పూర్ణిమ వెళ్లిన దగ్గర్నుంచి మామ్మగారికి పసుపు, జీలకర్ర, అల్లంతోనే, మూకుడు కూడా వేరు. ఆ పదిహేను రోజులూ మిగతావాళ్లం మామూలుగానే తింటాం, దీపావళి మర్నాటి నుంచి అందరికీ ఒకే మూకుడు. ఇవాళ పొద్దున్న ముల్లంగి వేసి పప్పు పెట్టాను, మామ్మగారి గిన్నె తీసి మూత పెట్టేశాను. ఛుంక ఇంకా పెట్టలేదు, మావారు స్నానం చేసి వచ్చాక పెడతాను, వేడి మీద పడితేనే ఆ వాసన.